ఆన్‌లైన్ వీడియోలపై కాపీరైట్ క్లెయిములు, ఫెయిర్ డీలింగ్ రక్షణలు: పాలమూరు సందర్భం

తన పాట, దృశ్యం, ఫొటో లేదా రచన అనుమతి లేకుండా మరొకరి వీడియోలో చేరిందని హక్కుదారు యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికకు చెప్పి, ఆ వీడియోను ఆపించడాన్ని గానీ దానిమీద వచ్చే ప్రకటనల ఆదాయాన్ని తీసుకోవడాన్ని గానీ కాపీరైట్ క్లెయిము అంటారు. సమీక్ష, విమర్శ, వార్తా కథనం, పరిశోధన వంటి అవసరాలకు ఇతరుల కృతిని కొంతమేర వాడుకోవడానికి భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతి ఇస్తుంది. దీన్ని ఫెయిర్ డీలింగ్ అంటారు. అమెరికా చట్టంలో దీనికి దగ్గరి సూత్రం ఫెయిర్ యూజ్. వాడుక న్యాయమైనదా కాదా అని చివరికి తేల్చేది కోర్టు. వీడియో ఉండాలా పోవాలా అన్నది మాత్రం అంతకు చాలా ముందే, వేదిక సొంత నిబంధనల ప్రకారం తేలిపోతుంది. ఈ రంగంలోని వివాదాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం నుంచే పుడుతున్నాయి.

ప్రాంతీయ నేపథ్యం

మక్తల్ మహబూబ్‌నగర్–రాయచూరు జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న తెలంగాణ పట్టణం. చాలాకాలం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరింది. పడమటి ఆంజనేయస్వామి ఆలయం ఇక్కడ ప్రసిద్ధం. పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) పల్లెల నుంచి పనికోసం దూర నగరాలకు వలస వెళ్లినవారు ఊరి జాతరను, చుట్టాల పెండ్లిని, భజనను ఫోన్లో చూసుకునే కాలం ఇది. అందుకే ఇలాంటి పట్టణాల్లో తయారయ్యే వీడియోలు ప్రధానంగా అయిదు రకాలు: జానపద పాటలు, పెండ్లి–జాతర లైవ్‌లు, స్థానిక వార్తలు, సినిమా సమీక్షలు, హాస్య లఘుచిత్రాలు. ఒక్కో రకానికి చట్టంలో ఒక్కో లెక్క ఉంది.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు పాటకు పుట్టిళ్లు. పన్నెండు మెట్ల కిన్నెరతో పాలమూరు వీరగాథలు పాడే దర్శనం మొగులయ్యది నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని అవుసలికుంట. 2021లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటతో ఆయన గొంతు రాష్ట్రమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘వల్లంకి తాళం’ కావ్యానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గోరటి వెంకన్న కూడా ఈ ప్రాంతం వారే. వీరిద్దరి దారుల్లోనే ఈ వ్యాసానికి కీలకమైన తేడా ఒకటి ఉంది. తరతరాలుగా నోటినోట వచ్చిన పాటకు రచయిత ఎవరో తెలియదు. గోరటి పాట ఎంత జానపదంగా వినిపించినా దానికి రాసిన మనిషి ఉన్నాడు, ఆ మనిషికి హక్కు ఉంది.

చట్టం, కాలపరిమితి

భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చి, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. డిజిటల్ కాలానికి తగిన పెద్ద మార్పులు 2012 సవరణలో చేరాయి. హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కృతి తయారైన క్షణం నుంచే అది ఉంటుంది. రచన, సంగీతం, చిత్రకళల హక్కు కర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. సినిమా, సౌండ్ రికార్డింగుల హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. గాయకులు, వాద్యకారులు, నటుల ప్రదర్శన హక్కు 50 ఏళ్లు.

ఒకే వీడియోలో ఇన్ని హక్కులు పేర్చి ఉంటాయన్న సంగతి ‘గుండమ్మ కథ’తో తేటపడుతుంది. ఆ సినిమా 1962లో విడుదలైంది. సినిమాగా దాని హక్కు 2022 డిసెంబరు 31తో ముగిసింది. అంతమాత్రాన అందులోని పాటలన్నీ అందరి సొత్తు కాలేదు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కనుక సాహిత్యంపై హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. సంగీతం కూర్చిన ఘంటసాల 1974లో మరణించారు కనుక బాణీలపై హక్కు 2034 చివరిదాకా నిలుస్తుంది. మాటలు రాసిన డి.వి. నరసరాజు 2006లో పోయారు. ఆ సంభాషణల హక్కు 2066 దాకా సాగుతుంది. పాత సినిమా కదా అని పాట మొత్తం అప్‌లోడ్ చేసినవారికి క్లెయిము వస్తే ఆశ్చర్యపడాల్సింది లేదు.

సినిమా పాటలో కవికి, స్వరకర్తకు మిగిలేది ఏమిటన్న చిక్కు కూడా పాతదే. పారితోషికం తీసుకుని సినిమాకు పని చేస్తే హక్కు నిర్మాతకే పోతుందని 1977లో రాయల్టీ సంఘమైన ఐపీఆర్ఎస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2012 సవరణ దాన్ని కొంత సరిదిద్దింది. థియేటర్‌లో సినిమాతో పాటు ప్రదర్శించడం మినహా, ఇతర మార్గాల్లో పాటను వాడినప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకునే ఒప్పందం చెల్లదు. అందుకే ఒక పాట మీద మ్యూజిక్ లేబుల్, నిర్మాత, స్వరకర్త, రాయల్టీ సంఘం వేర్వేరుగా మాట్లాడే పరిస్థితి ఏర్పడింది.

52వ సెక్షన్ ఇచ్చే రక్షణలు

52వ సెక్షన్‌లో వీడియోలు చేసేవారికి పనికొచ్చే అంశాలు ఇవి.

సొంత వాడకం, పరిశోధన. ఆ కృతిపై గానీ మరో కృతిపై గానీ విమర్శ, సమీక్ష. వర్తమాన విషయాల వార్తా కథనం, బహిరంగ ఉపన్యాసాన్ని నివేదించడం. ఈ మూడు ప్రయోజనాలకు చేసే న్యాయమైన వాడుక ఉల్లంఘన కాదు. సినిమా సమీక్షకుడు ట్రైలర్ ముక్క చూపి, అందులోని కెమెరా పనితనం గురించి మాట్లాడితే అది ఈ గొడుగు కిందికి వస్తుంది. ట్రైలర్ మొత్తం నడిపించి మూలన తన ముఖం పెట్టి నవ్వుతూ కూర్చుంటే రాదు.

బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పం, కట్టడం వీడియోలో పడినా తప్పు లేదు. ఇతర చిత్రకళా కృతులు నేపథ్యంలో యాదృచ్ఛికంగా కనిపించినా అంతే. ఊరి కూడలిలో విగ్రహం, గుడి గోపురం, గోడమీది బొమ్మ ఫ్రేములో వచ్చినందుకు ఎవరూ క్లెయిము వేయలేరు. వికలాంగులకు అందుబాటులో ఉండే రూపంలోకి కృతిని మార్చుకునే వెసులుబాటు 2012లో చేరింది.

అమెరికా చట్టంలోని 107వ సెక్షన్‌కు, దీనికి తేడా ఉంది. అక్కడ ఫెయిర్ యూజ్‌కు ప్రయోజనాల జాబితా ఉదాహరణలే తప్ప హద్దులు కావు. వాడుక ఉద్దేశం, మూలకృతి స్వభావం, తీసుకున్న పరిమాణం, మూలం మార్కెట్‌పై ప్రభావం అనే నాలుగు గీటురాళ్లతో కోర్టు తూకం వేస్తుంది. ఇక్కడ ముందు ప్రయోజనం జాబితాలో ఉండాలి. ఆ తర్వాతే అది న్యాయమా అన్న ప్రశ్న. హాస్యం, పేరడీ, మీమ్ అనే మాటలు మన సెక్షన్‌లో లేవు. అవి విమర్శ కింద ఇమిడితేనే రక్షణ దొరుకుతుంది.

జనంలో బాగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలకు చట్టంలో ఆధారం లేదు. ‘ముప్పై సెకన్ల లోపైతే ఏం కాదు’ అన్న నియమం ఎక్కడా లేదు. డిస్క్రిప్షన్‌లో ‘క్రెడిట్స్ అసలు యజమానికే’ అని రాయడం మర్యాదే తప్ప అనుమతి కాదు. పాట వేగం పెంచడం, శ్రుతి మార్చడం, దృశ్యాన్ని అద్దంలోలా తిప్పడం యంత్రాన్ని ఏమార్చే ఎత్తులే గానీ హక్కును మార్చవు.

కోర్టులు వేసిన గీతలు

ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వలస కూలీ ఇంటికి ఫోన్ చేయడం అనే ఇతివృత్తంతో పదిమంది పది లఘుచిత్రాలు తీయవచ్చు. ఒకరి సంభాషణలు, సన్నివేశాల వరస దించేస్తేనే చిక్కు. ఈ గీత ఎంత పలచగా ఉంటుందో ‘శ్రీమంతుడు’ వివాదం చూపింది. 2015లో వచ్చిన ఆ సినిమా కథ తన నవలదేనని ఒక రచయిత నాంపల్లి కోర్టుకెక్కాడు. దర్శకుడు కొరటాల శివపై క్రిమినల్ విచారణ ఆపడానికి తెలంగాణ హైకోర్టు ఒప్పుకోలేదు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు.

పేరడీ నాటకంపై 1996లో కేరళ హైకోర్టు ఇచ్చిన సివిక్ చంద్రన్ తీర్పు ఇప్పటికీ గీటురాయి. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, కొత్త కృతి పాతదానితో మార్కెట్లో పోటీ పడుతుందా అనే మూడు ప్రశ్నలు ఆ తీర్పులో ఉన్నాయి. ఒక నాటకాన్ని విమర్శించడానికి రాసిన ఎదురు నాటకంలో మూలంలోని పాత్రలు, మాటలు ఉన్నా అది న్యాయమైన వాడుకే అవుతుందని కోర్టు భావించింది.

కొద్దిపాటి వాడుక సంగతి ఢిల్లీ హైకోర్టు 2012లో ఇండియా టీవీ – యశ్‌రాజ్ ఫిల్మ్స్ కేసులో చూసింది. టీవీ ముఖాముఖిలో ఒక గాయని తాను పాడిన సినిమా పాటల్లోంచి కొన్ని పంక్తులు పాడింది. అంత స్వల్ప విషయాన్ని చట్టం పట్టించుకోనక్కరలేదని ధర్మాసనం చెప్పింది. ఊరి గాయకుణ్ణి ఇంటర్వ్యూ చేసే యూట్యూబర్‌కు ఇది నేరుగా పనికొచ్చే తీర్పు. అదే గాయకుడితో పాట మొత్తం పాడించి, ట్రాక్ కలిపి విడిగా విడుదల చేస్తే ఈ తీర్పు ఆదుకోదు.

వేదికల బాధ్యతను 2016 డిసెంబరులో మైస్పేస్ కేసు స్పష్టం చేసింది. తమ దగ్గర ఎక్కడో ఉల్లంఘన జరుగుతోందన్న సాధారణ అనుమానం చాలదు, ఫలానా వీడియో అని హక్కుదారు గుర్తించి చెప్పినప్పుడు వేదిక స్పందించాలని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం అంది. అంతకుముందే 2013 కాపీరైట్ నిబంధనల్లోని 75వ నియమం ఒక పద్ధతి పెట్టింది. రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో వేదిక ఆ కృతిని 21 రోజులపాటు నిలిపివేయాలి. ఈలోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ అందుబాటులో ఉంచవచ్చు.

వేదిక చేతిలోని తూకం

ఆచరణలో చాలా వివాదాలు ఈ 21 రోజుల లెక్కతో నడవవు. యూట్యూబ్ 1998 నాటి అమెరికా డిజిటల్ మిలేనియం కాపీరైట్ చట్టానికి అనుగుణంగా అల్లుకున్న సొంత పద్ధతిని అన్ని దేశాల్లోనూ పాటిస్తుంది. 2007లో వయాకామ్ సంస్థ యూట్యూబ్‌పై 100 కోట్ల డాలర్ల దావా వేసింది. అదే ఏడాది కంటెంట్ ఐడీ అనే యంత్రాంగం వచ్చింది. హక్కుదారు తన పాట, సినిమా నమూనాను అందులో దాఖలు చేస్తే, ఎక్కే ప్రతి వీడియోనూ యంత్రం దానితో పోల్చి చూస్తుంది. జత కుదిరితే వీడియోను ఆపడం, ఆదాయం తీసుకోవడం, ఊరికే గమనించడం అనే మూడు దారుల్లో హక్కుదారు ఒకటి ఎంచుకుంటాడు.

వీడియోలు చేసేవారు ‘క్లెయిమ్ వచ్చింది’, ‘స్ట్రైక్ పడింది’ అని రెండు మాటలు వాడతారు. రెండింటికీ బరువు వేరు. క్లెయిము వీడియోకే పరిమితం. ఆదాయం పోవచ్చు, ఛానల్‌కు ముప్పు లేదు. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టపరమైన తొలగింపు నోటీసు ఇచ్చాడని అర్థం. మొదటి స్ట్రైక్‌కు యూట్యూబ్ వారి కాపీరైట్ పాఠం పూర్తి చేస్తే అది 90 రోజుల్లో తొలగిపోతుంది. ఆ 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ మొత్తం ఎగిరిపోవచ్చు.

క్లెయిముపై వివాదం లేవనెత్తితే హక్కుదారుకు స్పందించడానికి 30 రోజులు ఉంటాయి. అయిదు రోజుల్లోపే వివాదం వేస్తే మొదటి రోజు నుంచీ వచ్చిన ఆదాయాన్ని తేలేదాకా పక్కన ఉంచుతారు. హక్కుదారు ఒప్పుకోకపోతే అప్పీలు చేయవచ్చు. అప్పుడు హక్కుదారు వెనక్కి తగ్గకుండా తొలగింపు నోటీసే ఇస్తే స్ట్రైక్ పడుతుంది. స్ట్రైక్‌కు జవాబు కౌంటర్ నోటిఫికేషన్. అది ఇచ్చాక అవతలివారు 10 పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు రుజువు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. అందులో అసలు పేరు, చిరునామా ఇవ్వాలి, తప్పు చెబితే శిక్షకు లోబడతానని ఒప్పుకోవాలి. చిన్న ఛానల్ నడిపేవారు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతుంటారు.

యూట్యూబ్ తొలి కాపీరైట్ పారదర్శకత నివేదిక ప్రకారం 2021 మొదటి ఆరు నెలల్లో 72 కోట్లకు పైగా కంటెంట్ ఐడీ క్లెయిములు పడ్డాయి. వాటిలో వివాదానికి వచ్చినవి 37 లక్షలు, అంటే నూటికి ఒకటి కూడా లేవు. ఆ వచ్చినవాటిలో 60 శాతం వీడియో పెట్టినవారికి అనుకూలంగా ముగిశాయి. అడగని వారందరి క్లెయిములూ తప్పని దీని అర్థం కాదు. అడిగినవారిలో సగానికిపైగా నెగ్గుతున్నారన్నది మాత్రం ఖాయం.

జానపదం ఎవరిది

పాలమూరు ఛానళ్లకు అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది ఈ ప్రశ్న. జానపద సంపదను ప్రత్యేకంగా కాపాడే చట్టం భారతదేశంలో లేదు. కర్త తెలియని పాత పాట మాటల మీద, బాణీ మీద ఎవరికీ కాపీరైట్ లేదు. అయితే ఆ పాటను ఎవరు రికార్డు చేస్తే ఆ రికార్డింగు వారిది. ఎవరు పాడితే ఆ ప్రదర్శన హక్కు వారిది. కొత్తగా చేర్చిన చరణాలు, కొత్త వాద్య కూర్పు చేర్చినవారివి.

ఒక లేబుల్ బతుకమ్మ పాటను స్టూడియోలో రికార్డు చేసి కంటెంట్ ఐడీలో పెట్టిందనుకుందాం. అదే పాటను మక్తల్ వాకిట్లో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడితే, బాణీ పోలికతో యంత్రం జత కుదుర్చవచ్చు. లేబుల్‌కు తన రికార్డింగు మీద హక్కుంది కానీ ఆ పాత బాణీ మీద లేదు. అందరి సొత్తైన భాగాన్ని నమూనాగా పెట్టకూడదని యూట్యూబ్ నిబంధనలే చెబుతున్నాయి. ఇలాంటి క్లెయిముకు ‘ఇది రచయిత తెలియని సంప్రదాయ గీతం, పాడినది మేమే, ఎవరి ట్రాకూ వాడలేదు’ అని రాసి, చిత్రీకరించిన అసలు ఫైలు దగ్గర ఉంచుకుని వివాదం వేయవచ్చు. ఇది ఫెయిర్ డీలింగ్ వాదన కాదు. అవతలివారికి అసలు హక్కే లేదన్న వాదన, అంతకన్నా బలమైనది.

రెండో వైపు జాగ్రత్తా అవసరమే. ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటను జానపదం అనుకునేవారు చాలామంది. దాన్ని రాసింది సుద్దాల హనుమంతు. ‘మా భూమి’ సినిమాతో అది ఇంటింటికీ చేరింది. ఆయన 1982లో మరణించారు కాబట్టి హక్కు 2042 చివరిదాకా ఉంటుంది. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమాలోకి ఎక్కింది. పల్లె గొంతుతో వినిపించిందని ‘జానపదం’ అనే ట్యాగు తగిలించి అప్‌లోడ్ చేస్తే హక్కు చెరిగిపోదు.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా పాట ‘సారంగ దరియా’ చుట్టూ రేగిన వివాదం ఈ రెండు అంచుల నడుమ పుట్టింది. మూలం జానపదం. దాన్ని సుద్దాల అశోక్‌తేజ సినిమాకు మలిచారు. అంతకుముందే టీవీ వేదికపై ఆ పాట పాడి, వెలుగులోకి తెచ్చింది తానేనని ఒక గాయని ముందుకొచ్చింది. ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. పాటను వెతికి సేకరించినవారికి చట్టం ప్రత్యేక హక్కు ఇవ్వదు. ఆ లోటును అక్కడ మర్యాద పూడ్చింది.

ఛానల్ నడిపేవారే ఎదుటివారి హక్కు మరిచిపోయే సందర్భమూ ఉంది. ఒగ్గుకథ చెప్పేవారిని, కిన్నెర వాయించేవారిని, భజన బృందాన్ని చిత్రీకరించి అమ్ముకోవాలంటే వారి సమ్మతి కావాలి. 2012 సవరణ తర్వాత వాణిజ్య వాడకంలో ప్రదర్శకులకు రాయల్టీ హక్కుంది. తన ప్రదర్శనను వికృతం చేయవద్దనే హక్కూ ఉంది. ఒక చిన్న కాగితం మీద సంతకం తీసుకోవడం ఇద్దరికీ మేలు.

పెండ్లి, జాతర లైవ్‌లు

52వ సెక్షన్‌లోని ఒక అంశం మతపరమైన వేడుకల్లో పాటలు వేసుకోవడానికి అనుమతి ఇస్తుంది. పెండ్లి ఊరేగింపు, పెండ్లికి సంబంధించిన ఇతర సంబురాలు కూడా అందులోకి వస్తాయని వివరణలో ఉంది. లైసెన్సు పేరుతో డబ్బులు అడుగుతున్నారన్న ఫిర్యాదుల మీద 2023 జులైలో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల ప్రోత్సాహక విభాగం ఇదే విషయాన్ని మళ్లీ గుర్తుచేసింది. కాబట్టి బరాత్‌లో డీజే పెట్టి సినిమా పాట మోగించడం ఉల్లంఘన కాదు.

మండపం దాటి నెట్‌లోకి వెళితే లెక్క మారుతుంది. చుట్టాలకోసం పెట్టిన లైవ్‌లో డీజే పాట వినిపిస్తే యంత్రానికి పెండ్లి కనిపించదు, పాటే వినిపిస్తుంది. లైవ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. వేడుకలో మోగించడానికి ఇచ్చిన మినహాయింపు, ఆ వీడియోను ఎప్పటికీ ఛానల్‌లో ఉంచడానికి వర్తిస్తుందని సెక్షన్ చెప్పడం లేదు. లంకెను చుట్టాలకే పరిమితం చేసినా యంత్రం పోలిక మానదు. తాళికట్టు, తలంబ్రాల వేళ మేళం మాత్రమే ఉంచి, డీజే వేళకు లైవ్‌లో శబ్దం ఆపేయడం సులువైన ఉపాయం. ఎడిటింగ్‌లో అతికించే నేపథ్య సంగీతానికి యూట్యూబ్ ఆడియో లైబ్రరీ వంటి చోట్ల దొరికేది వాడుకోవచ్చు.

పెండ్లి వీడియో ఎవరి సొత్తన్నది చాలా ఫొటో స్టూడియోలు గమనించని సంగతి. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకు, వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమానులని 17వ సెక్షన్ చెబుతుంది. కెమెరా పట్టినవారు ఆ హైలైట్లను ప్రచారానికి తమ ఛానల్‌లో పెట్టుకోవాలంటే ఆ ఇంటివారి అనుమతి అడగాలి. అడ్వాన్సు రసీదు మీదే ఈ సంగతి ఒక వాక్యంగా రాయించుకుంటే సరిపోతుంది.

వార్తా క్లిప్పులు, సినిమా ముక్కలు

వార్తా కథనానికి చట్టం వెసులుబాటు ఇచ్చినా, వార్తా సంస్థ తీసిన దృశ్యం ఆ సంస్థ సొత్తే. 2025 మేలో ఈ గొడవ దేశమంతా చర్చకు వచ్చింది. తన వీడియోల్లో కొన్ని సెకన్ల క్లిప్పులు వాడినందుకు ఏఎన్ఐ వార్తాసంస్థ స్ట్రైకులు వేసి, వాటిని ఎత్తేయడానికి సుమారు 48 లక్షల రూపాయలు అడిగిందని యూట్యూబర్ మోహక్ మంగళ్ ఆరోపించారు. తన హక్కులను కాపాడుకోవడం బెదిరింపు కాదని ఏఎన్ఐ వాదించింది. సంస్థ వేసిన పరువునష్టం దావాలో, ఆ వీడియోలోని కొన్ని మాటలు తీసేయాలని ఢిల్లీ హైకోర్టు సూచించగా ఆయన ఒప్పుకున్నారు. సెకన్ల వాడుక న్యాయమా కాదా అన్న అసలు ప్రశ్నకు పరువునష్టం దావాలో ఇచ్చిన ఆ ఆదేశం జవాబు కాదు.

సినిమా రంగంలోనూ ఇలాంటి పట్టుదలలే. 2024 నవంబరులో నయనతార డాక్యుమెంటరీలో వాడిన మూడు సెకన్ల తెరవెనుక దృశ్యానికి ధనుష్ పక్షం 10 కోట్ల రూపాయలు అడిగింది. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా పక్షం నుంచి నోటీసు వెళ్లింది. 2025లో తెలుగు నిర్మాణ సంస్థ మైత్రీ మూవీ మేకర్స్ తీసిన తమిళ సినిమా ‘గుడ్ బ్యాడ్ అగ్లీ’లో పాత పాటల వాడకంపై ఇళయరాజా మద్రాసు హైకోర్టుకు వెళ్లారు.

థియేటర్‌లో తెరను ఫోన్‌తో తీసి రీల్‌గా పెట్టడం వీటికన్నా ప్రమాదకరం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అది మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడే నేరం. జరిమానా కనీసం 3 లక్షల రూపాయలు. ఎక్కువలో ఎక్కువ నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లవచ్చు. అభిమానంతో తీశామన్నది రక్షణ కాదు.

తప్పుడు క్లెయిములకు మందు

బలవంతుడు వేసే తప్పుడు క్లెయిము గురించి కూడా చట్టం ఆలోచించింది. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో చట్టపరమైన చర్యల బెదిరింపుకు దిగితే, బాధితుడు 60వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లి, ఉల్లంఘన జరగలేదన్న ప్రకటన, బెదిరింపులపై నిషేధం, నష్టపరిహారం అడగవచ్చు. హక్కుదారు వెంటనే స్వయంగా దావా వేస్తే ఈ దారి మూసుకుంటుంది. ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి పెద్ద వేదికకూ దేశంలో గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. అక్కడ న్యాయం దొరకకపోతే కేంద్రం 2023లో ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీలకు వెళ్లవచ్చు.

అమెరికాలో 2007లో ఒక తల్లి తన పసివాడు పాటకు ఊగుతున్న 29 సెకన్ల వీడియో పెట్టింది. సంగీత సంస్థ దాన్ని తీయించింది. తొలగింపు నోటీసు ఇచ్చేముందు అది ఫెయిర్ యూజ్ అవుతుందేమో హక్కుదారు ఆలోచించి తీరాలని 2015లో అప్పీళ్ల కోర్టు లెంజ్ కేసులో చెప్పింది. 2017లో న్యూయార్క్ కోర్టు హెచ్3హెచ్3 ఛానల్ కేసులో, మధ్యమధ్య ఆపి వ్యాఖ్యానించే రియాక్షన్ వీడియో న్యాయమైన వాడుకేనని తీర్పిచ్చింది. వ్యాఖ్యానం లేని రియాక్షన్‌కు ఇది వర్తించదని ఆ న్యాయమూర్తే గీత గీశారు.

మరోవైపు ఉద్దేశపూర్వక ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మేలో నిట్‌ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను ఉండే చోటే దావా వేయవచ్చు. హైదరాబాద్, చెన్నై లేబుల్ అక్కడ దావా వేస్తే మక్తల్ మనిషి వాయిదాకు అక్కడికే పోవాలి.

చిన్న ఛానళ్ల స్థితి

చట్టం ఇచ్చే రక్షణకు, వేదికలో దొరికే రక్షణకు మధ్య దూరం ఎంతన్నది ఛానల్ పరిమాణాన్ని బట్టి మారుతోంది. కంటెంట్ ఐడీ పెద్ద హక్కుదారులకే అందుబాటులో ఉంది. పల్లె ఛానల్ తీసిన వరద దృశ్యాన్ని ఒక టీవీ వాడుకుంటే, ఆ ఛానల్ చేతిలో ఉన్నవి కాపీరైట్ మ్యాచ్ సాధనం, వెబ్ ఫారం మాత్రమే. ఆ ఫారంతో ఇచ్చే తొలగింపు నోటీసు విలువ మాత్రం పెద్ద సంస్థ నోటీసుకు సమానం.

న్యాయవాదులు, అనుభవం ఉన్న సృష్టికర్తలు సూచించే పద్ధతి సాదాసీదాది. అసలు ఫైళ్లు తేదీలతో దాచడం, గాయకుల సమ్మతి కాగితం మీద తీసుకోవడం, పాటకు రచయిత ఉన్నాడేమో ముందే విచారించడం, ఇతరుల దృశ్యం వాడితే ప్రతి ముక్కకూ దానిపై తాను చెప్పిన మాట ఏదో చూపగలగడం. క్లెయిము వచ్చినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది వాదన ఏదన్నది: అవతలివారికి హక్కే లేదనా, అనుమతి తీసుకున్నామనా, 52వ సెక్షన్ వర్తిస్తుందనా. మూడింటినీ కలిపి ‘ఇది ఫెయిర్ యూజ్’ అని ఒక్క ముక్కలో రాసిన వివాదాలు వీగిపోతాయి. పాలమూరు పాటల విషయంలో ఎక్కువసార్లు నిలబడేది మొదటి వాదన. ఆ పాట ఎవరు, ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వీడియోలోనే గాయకుల నోట చెప్పించి ఉంచిన ఛానల్‌కు ఆ వాదనకు కావలసిన సాక్ష్యం ముందే సిద్ధంగా ఉంటుంది.